బాణాలు చెరిగిపోయిన కీబోర్డు

వీఐ టెక్స్ట్ ఎడిటర్‌ను తొలిసారి తెరిచినప్పుడు నాకు అభిమన్యుడే గుర్తొచ్చాడు. లోపలికి వెళ్లడం వచ్చు, బయటికి రావడం తెలియదు. ఒక అక్షరం నొక్కితే కర్సర్ జరిగింది, ఇంకోటి నొక్కితే ఉన్న అక్షరం ఎగిరిపోయింది. ఇంత మొండితనం దీనికి ఎక్కడిదా అనిపించింది.

దీని తాత పేరు ఈడీ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశాడు. అప్పటి టెలిటైప్‌కు తెర లేదు. కాగితం చుట్ట మీద సెకనుకు పది అక్షరాలు టకటకా కొట్టేది. ఆ వేగానికి తగ్గట్టే ఈడీ పరమ మితభాషి. పొరపాటు చేస్తే ఒక్క ప్రశ్నార్థకం అచ్చువేసి ఊరుకునేది. లండన్ క్వీన్ మేరీ కాలేజీలో జార్జ్ కులూరిస్ దాన్ని కాస్త మచ్చిక చేసి, మానవమాత్రుల ఎడిటర్ అనే అర్థంలో 'ఈఎం' అన్నాడు. ఆ పేరులోని ఎత్తిపొడుపు ఎవరికో చెప్పాలా!

1976లో ఈఎం బర్క్లీలో బిల్ జాయ్ కంటబడింది. దాన్ని చూసి పుట్టిందే వీఐ. జాయ్ వాడింది ఏడీఎం-3ఏ టెర్మినల్, ఫోన్ తీగ మీద 300 బాడ్ మోడెమ్. అంటే సెకనుకు దాదాపు 30 అక్షరాలు. తెరకు 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. లెక్క వేయండి: తెర ఒకసారి నిండటానికి నిమిషం పైమాటే. అందుకే ఆదేశాలన్నీ పొడి అక్షరాలు. వరుస చెరపాలంటే రెండు 'డి'లు, చేసింది రద్దు చేయాలంటే ఒక్క 'యు'.

ఆ కీబోర్డు మీద బాణాలకు వేరే కీలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీదే ఎడమ, కింద, పై, కుడి బాణాలు ముద్రించారు. వీఐలో కర్సర్‌ను జరిపేదీ ఆ అక్షరాలతోనే. రాయడం ఆపి ఆదేశాలకు మారాలంటే నొక్కే ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట, చిటికెన వేలి పక్కనే ఉండేది. తర్వాతి కీబోర్డుల్లో బాణాలు చెరిగిపోయాయి, ఎస్కేప్ పైమూలకు పోయింది, వీఐ మాత్రం మారలేదు. మన చిటికెన వేలు పడే అవస్థకు కారణం అదీ.

1991లో బ్రామ్ మూలెనార్ అమీగా కంప్యూటర్ల కోసం వీఐకి మెరుగుపరచిన రూపమైన విమ్‌ను విడుదల చేశాడు. డబ్బు అడగలేదు. ఖాళీగా తెరిస్తే కనిపించే పలకరింపులో ఉగాండా పేదపిల్లలకు సాయం చేయమన్నాడు. దాని కిందే, బయటికి వెళ్లాలంటే కోలన్, క్యూ, ఎంటర్ అని కూడా రాసి ఉంటుంది. వీఐ అనుకుని నేను తెరిచింది విమ్‌నే; ఆ రోజు అది చదవలేదు, అంతే.