వేడెక్కితే దారిచ్చే పూస

లోహం వేడెక్కేకొద్దీ దానిలో కరెంటు పారడం కష్టమవుతుంది. ఈ సంగతి 1821లోనే హంఫ్రీ డేవీ తేల్చాడు. 1833లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన శిష్యుడు మైకేల్ ఫారడే వెండి సల్ఫైడ్‌ను పరీక్షిస్తే వ్యవహారం తలకిందులైంది. దీపంతో వేడి చేస్తే కరెంటు జోరుగా పారింది, దీపం తీసేస్తే తగ్గిపోయింది. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతే లోకానికి తెలియదు. వెండి సల్ఫైడ్ వంటి అర్ధవాహకాల్లో వేడి పెరిగేకొద్దీ కరెంటును మోసే ఎలక్ట్రాన్లు మరిన్ని విడివడతాయని 1931లో అలన్ విల్సన్ సిద్ధాంతం చెప్పాకే ఆ చిక్కుముడి వీడింది.

కారణం తేలేదాకా పని ఆగలేదు. 1930లోనే అమెరికాలో శామ్యూల్ రూబెన్ ఈ గుణాన్ని మార్కెట్లో అమ్మదగ్గ వస్తువుగా మలిచాడు. మాంగనీస్, నికెల్, కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడ్ పొడులు కలిపి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాలిస్తే గట్టి పూస తయారవుతుంది. అదే థర్మిస్టర్.

ముందు తలుపున్న వాషింగ్ మెషిన్‌లో డ్రమ్ కింద హీటర్ ఉంటుంది. దాని పక్కనే, రబ్బరు బిగింపులో, చిటికెన వేలంత గొట్టం నీళ్లలోకి పొడుచుకుని ఉంటుంది. ఆ పూస ఉండేది దానిలోనే. నీటి వేడిని కనిపెట్టే సెన్సర్ అదే. అయితే దానికి డిగ్రీలు తెలియవు, నిరోధం మార్చుకోవడమే తెలుసు. చాలా వాటిలో 25 డిగ్రీల దగ్గర నిరోధం 10 కిలో ఓమ్‌లు. 40 దగ్గర 5.3, 60 దగ్గర 2.5కి దిగుతుంది. మెషిన్ బోర్డు 5 వోల్టులను 10 కిలో ఓమ్‌ల స్థిర నిరోధం గుండా పంపి, పూస దగ్గర ఎంత మిగిలిందో చూస్తుందనుకుందాం. సరిగ్గా 1 వోల్టు మిగిలితే నీళ్లు 60కి చేరినట్టు లెక్క. అప్పుడు హీటర్ ఆపేస్తుంది.

తీగ తెగితే 5 వోల్టులూ అక్కడే కనిపిస్తాయి. రెండు తీగలూ కలిసిపోతే సున్నా. నీళ్లు అంత చల్లగానో అంత వేడిగానో ఉండటం అసాధ్యం కాబట్టి బోర్డు వెంటనే తెర మీద ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఇలా పూర్తిగా చచ్చిన సెన్సర్‌ను పట్టుకోవడం తేలిక. బతికుండి అబద్ధం చెప్పేదానితోనే తంటా. తేమ చేరి నిరోధం పక్కకు జరిగినా అంకె నమ్మదగ్గట్టే ఉంటుంది, బోర్డుకు అనుమానం రాదు. బట్టలు మాత్రం రంగు వెలుస్తాయి, లేదా మురికి వదలదు.

పరీక్షకు ముందు ప్లగ్ పీకాలి, వేడి నీళ్లు చల్లారాక ఖాళీ చేయాలి. మొదట చూడాల్సింది సెన్సర్‌ను కాదు, దాని తీగలను: ఎలుక కొరికిందా, కనెక్టర్‌లో పచ్చటి చిలుము పట్టిందా అని. ఆ తర్వాత కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల మీద పెట్టి, సెన్సర్ రెండు కాళ్లకూ తాకించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మే నెలలో గది 35 డిగ్రీలుంటే మంచి సెన్సర్ కూడా 6.5 కిలో ఓమ్‌లే చూపిస్తుంది. పది రాలేదని దాన్ని పారేస్తే దండగ. గ్లాసు వేడినీళ్లలో సెన్సర్‌నూ థర్మామీటర్‌నూ కలిపి ముంచాలి. నీళ్లు చల్లారేకొద్దీ మీటర్‌లో అంకె తడబడకుండా పైకి పాకితే, ఏ వేడికి ఎంత నిరోధమో చెప్పే పట్టికతో రెండు మూడు చోట్ల సరిపోతే, దోషం ఇంకెక్కడో ఉందన్నమాట. హీటర్ కాలిపోయి ఉండొచ్చు. బోరు నీళ్ల ఇళ్లలోనైతే గొట్టం మీద పేరుకున్న సున్నపు పొర నీటి వేడిని ఆలస్యంగా చేరవేస్తూ ఉండొచ్చు.

మార్చక తప్పనప్పుడు మెషిన్ మోడల్ నంబరు చెప్పి కొనాలి, ఆకారం చూసి కాదు. కొన్ని మెషిన్లకు 12 కిలో ఓమ్‌ల సెన్సర్ ఉంటుంది. బిగింపు సరిపోయిందని దాన్ని 10 కిలో ఓమ్‌ల బోర్డుకు తగిలిస్తే, నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయని బోర్డు అనుకుంటుంది. 60కి పెట్టిన నీళ్లు 65 దాకా కాగుతాయి. ఎర్రర్ రాదు, కొత్త సెన్సర్‌లో లోపమూ ఉండదు. దాని పట్టిక ఒకటి, బోర్డు పట్టిక ఇంకొకటి, అంతే.