పంటల పటము – దాని యోగ్యత

దాగుడుమూతలు మొదలగు ఆటలకు ముందు దొంగ యెవరో తేల్చుటకై తెలుగు బాలబాలికలు పంటలు వేయుట వాడుక. ముగ్గురు చేతులు కలిపి యూపి, ఒక్కసారిగా విడదీసి, ఎడమ అరచేతిపై కుడిచేతిని వెల్లకిలగనో బోర్లగనో వైతురు. ఇద్దరి చేతులొక తీరుననుండి మూడవది వేరైనచో, ఆ మూడవవాడు ‘పండు’. వానికి దొంగతనము తప్పినది. మువ్వురివి నొక్క తీరుగనున్నచో మరల వేయవలయును. తుదకు మిగిలినవాడు దొంగ.

ఈ యాటను చిన్న పటముగా గీయవచ్చును. ఎనిమిది వరుసలు, వరుసకు మూడు వలయములు చాలును. తెల్లనిది వెల్లకిల చేతికి, నల్లనిది బోర్ల చేతికి గుర్తు. ఇట్టి పటము సంఘముల సంచికలలో శాసన ప్రతిబింబముల సరసను, శిల్పముల ఛాయాచిత్రముల సరసను నిలుచుటకు తగునా? ‘బాలుడైనను గీయగలడు, ఇందు విశేషమేమి?’ యను నాక్షేపణ సహజము. కాని యది చిత్రకారుని శ్రమను కొలుచుచున్నదే గాని, పటము చేయు పనిని కొలుచుట లేదు. కొలువవలసినవి మూడు: చెప్పినది నిజమా, చెప్పవలసినదంతయు చెప్పినదా, అక్కరలేనిది విడిచినదా.

ఇందుకు జపాను దేశపు చేతియాటలు మంచి యుదాహరణము. ‘కెన్’ అని పిలువబడు ఈ యాటలను 1809లో ప్రకటితమైన ‘కెన్‌సరయే సుమాయి జుయె’ యను గ్రంథము బొమ్మలతో వివరించినది. వానిలో నొకదానియందు పాము కప్పను, కప్ప గుల్లలేని నత్తను, ఆ నత్త పామును గెలుచును. నేడు లోకమంతట నాడబడు రాయి, కాగితము, కత్తెర యాటయు నీ తీరుదే. మూడు చేతులను వలయముగ నుంచి మూడు బాణములు గీసినచో ఆట నియమమంతయు తేటపడును. అందొక్క బాణము తలక్రిందులైనచో నొక చేయి మిగిలిన రెంటిని గెలుచును; అందరు దానినే చూపుదురు; ఆటయే యుండదు. పటము సులభమైనంత మాత్రమున తప్పు చిన్నది కాదని దీనివలన తెలియుచున్నది.

పంటల పటము నిట్లే పరీక్షింపవలయును. ముగ్గురికి, ఒక్కొక్కరికి రెండేసి తీరుల చొప్పున, 8 విధములు కలుగును. అందు 2 విధములలో అందరి చేతులు నొక్కటే. మిగిలిన 6 విధములలో ఒక్కొక్కరు రెండేసి మారులు పండగుదురు. అనగా పెద్దవాడు, చిన్నవాడు, ఉన్నవాడు, లేనివాడు అను భేదము లేక అందరికి సమానావకాశము. నలుగురు వేసినచో 16 విధములలో 8 మాత్రమే యొక్కని వేరుచేయును. 6 విధములలో ఇద్దరిద్దరుగ చీలుదురు. ఇద్దరే మిగిలినపుడు చేతులు వేరైనను ఎవడు పండో తేలదు. కనుక మునుపు పండైనవాడొకడు సాయము నిలువవలసియున్నది. ఇంత తర్కమును ఎనిమిది వరుసలు కంటికి చూపుచున్నవి. చేతులన్నియు నేకకాలమున పడవలెనను నియమమును మాత్రము పటము చూపజాలదు. దానిని క్రింద నొక్క వాక్యమున వ్రాయవలయును.

ఈ విచారము ఆంధ్రేతర ప్రాంతములందలి తెలుగువారికి మరింత ముఖ్యము. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురములయందు పలువురు తెలుగు పిల్లలు చదువునది కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ లిపులలో. చేతినుండి చేతికి వచ్చిన యాట వాకిటి కూటములు తగ్గినకొలది మరపునకు వచ్చును. దానిని గూర్చి తెలుగున వ్రాసిన వ్యాసమును ఆ పిల్లలలో పెక్కురు చదువజాలరు. పటమును మాత్రము లిపి రాకున్నను గ్రహింతురు. ‘పండు’ అను నొక్క మాటను దాని ప్రక్క తెలుగున వ్రాసియుంచిన, ఆటతోపాటు ఆ మాటయు నిలుచును.

కావున నెనిమిది వరుసలును సరియై, ఏ యూరి వాడుక ననుసరించి గీయబడినదో సూచింపబడినచో, పంటల పటము సంచికయందు స్థానమునకు తగినదే. అది గీయుట సులభమనుట దానికి లోపము కాదు. ఎవరైనను తిరిగి గీసికొని, తమ పిల్లలకు నేర్పగలుగుటయే దాని గుణము.