ఆయిల్ బోల్టు దగ్గరే ఆగి ఉంటే

విజయవాడ ఆటోనగర్‌లో మాది బోరింగ్ షాపు. బండి మా దగ్గరికి రాదు. విప్పిన సిలిండరు, పగిలిన కేసింగు, గీతలు పడ్డ పిస్టను గోనెసంచిలో వస్తాయి. సంచి కింద పెట్టగానే ఏం జరిగిందో చాలామటుకు తెలిసిపోతుంది. ఆ సంచులు ఇదివరకు మెకానిక్కులే తెచ్చేవాళ్లు, ఇప్పుడు బండి ఓనర్లు కూడా తెస్తున్నారు. షోరూము బిల్లు చూసి గుండె జారిపోయి, ఫోనులో వీడియో పెట్టుకుని ఇంటి ముందే సర్వీసింగ్ మొదలుపెట్టినవాళ్లు వీళ్లు. నేను వాళ్లని తప్పుపట్టను. ఆయిల్ మార్చడం, ప్లగ్గు తుడవడం, చైను బిగించడం బండి ఉన్న ప్రతివాళ్లకీ రావాలి. కాకపోతే ఇంట్లో చేసుకున్న పనిలో మొదట పాడయ్యేది దాదాపు ఎప్పుడూ చిన్న వస్తువే. అది బయటపడకుండా తర్వాత చేసే అతుకే ఇంజన్‌ని తినేస్తుంది.

మా లెక్కలో మొదటి ముద్దాయి ఆయిల్ బోల్టు. ఇంజన్ అడుగున ఉండే ఆ బోల్టు ఉక్కు, అది దిగే కేసింగు అల్యూమినియం. బలం పెడితే ఏది ఓడుతుందో చెప్పక్కర్లేదు. చాలా బండ్లకి ఈ బోల్టు బిగింపు 20 నుంచి 30 న్యూటన్ మీటర్లు. చేతి లెక్కలో అయితే, జానెడు పానా పట్టుకుని ఒంటి చేత్తో ఓ మోస్తరు గుంజు గుంజితే చాలు. మనవాళ్లు పానాకి పైపు తగిలించి కాలితో తొక్కుతారు. లీకవకూడదట! లీకు ఆపేది బోల్టు కింద నలిగి కూర్చునే మెత్తటి వాషరు. పది, ఇరవై రూపాయల ఆ వాషరు ప్రతిసారీ కొత్తది వేస్తే తొక్కే పనే ఉండదు.

మొన్న వేసవిలో కానూరు వైపు ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు స్ప్లెండర్ ఇంజన్‌ని ఆటోలో వేసుకొచ్చాడు. బండి వాళ్ల నాన్నది. ఆయిల్ బోల్టు విప్పబోతే దాని చుట్టూ ఎం-సీల్ ముద్ద. గీకి తీస్తే లోపల మర మీద ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు.

"ఇదెప్పుడు పెట్టావు నాయనా?"

"సంక్రాంతికి ఆయిల్ మార్చినప్పుడు బాబాయ్. బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోలేదు. ఊరికే తిరుగుతుంటే..."

"నాన్నగారికి చెప్పావా?"

మాట్లాడలేదు.

ఆ ఇంజన్‌లో మార్చినప్పుడు పోసే ఆయిలే లీటరు లోపు. బొట్టు బొట్టుగా కారినా నెలల తరబడి కారితే ఏం మిగులుతుంది? సిలిండరు ఊడదీసి చూపించాను. బోరు గోడ మీద పైనుంచి కిందకి వెండి రంగు చారలు. పిస్టను పక్కన కరిగిన అల్యూమినియం రింగుల గాడిలోకి పూసుకుపోయి, రింగు వేలితో నొక్కినా కదలడం లేదు. పిస్టను అల్యూమినియం, బోరు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యలో ఆయిల్ పొర ఉన్నంతసేపే ఆ ఇద్దరికీ సఖ్యత. పొర పోయాక పిస్టను ఉబ్బి బోరుని కరుచుకుంటుంది. ఇంజన్ పట్టేసింది అని మనం అనేది దీన్నే.

సంక్రాంతి నాడు అది నాలుగైదు వందల పని. మర పోయిన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ట్యాపుతో కొత్త మర కోసి, హెలికాయిల్ అనే స్టీలు తీగ చుట్ట దింపితే పాత బోల్టే మళ్లీ పడుతుంది. అసలు మర కంటే గట్టిగా నిలుస్తుంది కూడా. వేసవికి అది బోరింగు, పిస్టను కిట్టు, క్రాంకు బేరింగులు, క్యాము, కూలి అన్నీ కలిపి పదివేలు దాటింది. స్ప్లెండర్ కాబట్టి ఆ మాత్రంతో పోయింది. దాని బోరు 50 మిల్లీమీటర్లు. గీతలు పోయేదాకా కోసి 0.25 పెద్ద పిస్టనో, చాలకపోతే 0.50 పెద్దదో వేస్తాం. కేటీఎం 390 బోరుకి నికాసిల్ పూత ఉంటుంది. మామూలు బోరింగ్ మిషను మీద అది పనికిరాదు, చాలామటుకు కొత్త సిలిండరే కొనుక్కోవాల్సి వస్తుంది.

ప్లగ్గు కథా ఇలాంటిదే. వేడి ఇంజన్‌లో విప్పకూడదు. వేసేటప్పుడు మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే వంకరగా పడినట్టు. పానా పట్టారా, హెడ్డు నా దగ్గరికొస్తుంది.

చెవిని నమ్ముకుని చేసే రిపేరు ట్యాపెట్లది. హెడ్డులో టకటక వినిపిస్తుందని మూత విప్పి, శబ్దం ఆగేదాకా బిగిస్తారు. 100 సీసీ బండిలో వాల్వు కాడకీ రాకరుకీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో పదో వంతు లోపే. ఇంజన్ పూర్తిగా చల్లారాక, పిస్టను కంప్రెషన్‌లో పై కొసకి వచ్చినప్పుడు ఫీలర్ గేజి దూర్చి చూడాలి. ఆ సందు లేకుండా బిగిస్తే, వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం వదిలించుకునేది సీటు మీద కూర్చున్నప్పుడే. కూర్చోనివ్వకపోతే అంచు కాలి తొర్రి పడుతుంది. అలాంటి ప్రతి ఓనరూ నాతో చెప్పే మాట ఒకటే: పాడయ్యే ముందు బండి చాలా సైలెంటుగా నడిచిందండీ అని! కాస్త టకటకమంటుంటే అననివ్వండి.

కారుకి కొన్న ఆయిల్ మిగిలిందని బైకులో పోసేవాళ్లకి ఒక్క మాట. గేరు బైకుల్లో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. జారుడు పెంచే మందులున్న కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూసుకోండి. మట్టం చూసేది పెద్ద స్టాండు మీద, బండి నిటారుగా ఉన్నప్పుడు. సైడు స్టాండు మీద చూసిన లెక్క లెక్కే కాదు. ఫిల్టరు తిప్పి పెట్టి కొత్త ఆయిల్ దారి మూసేసినవాళ్లనీ చూశాను. కొన్నింటి మీద బయటి వైపు ఏదో రాసే ఉంటుంది, చదివితే చాలు. ఇక ఆర్ఎక్స్100 ప్రేమికులు! 1996లో తయారీ ఆగినా వాళ్ల మోజు ఆగలేదు. ఆయిల్ పంపు గొట్టం విప్పి బిగించాక లోపలి గాలి బుడగ తీయకుండా కిక్ కొడితే, పిస్టనుకి ఆయిల్ అందేలోపే పట్టేస్తుంది.

ఇన్సూరెన్సు ఉందిగా అనుకోకండి. మామూలు పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి డబ్బివ్వదు.

ఒకవేళ దారిలో ఇంజన్ పట్టేస్తే వెంటనే క్లచ్ పట్టుకుని బండి పక్కకి తీయండి. కిక్ మీద ఎక్కి నిలబడొద్దు, గేరులో వేసి తోయొద్దు. చల్లారాక పిస్టను వదిలేసి, బండి మళ్లీ స్టార్టవుతుంది కూడా. చాలామంది అక్కడే మోసపోయి ఇంటిదాకా నడుపుకుంటూ పోతారు. పిస్టనుతో పోయేది క్రాంకుదాకా వెళ్లేది ఆ దూరంలోనే. ట్రాలీ ఆటో పిలవండి. తీసిన ఆయిల్ పారబోయకుండా డబ్బాలో పోసి తెండి. అందులో అయస్కాంతం పెడితే అంటుకునే పొడి ఉక్కుది, గేర్లనీ బేరింగులనీ చూడాలి. అంటుకోకుండా మెరిసేది ఎక్కువగా పిస్టనుదో కేసింగుదో. టేపు చుట్టినా, ఎం-సీల్ పెట్టినా, పైపు తగిలించి తొక్కినా ముందే చెప్పేయండి. మేమేమీ తిట్టం. దాస్తే అది వెతకడానికి పట్టే కూలి కూడా మీ బిల్లులోనే పడుతుంది.