భయానక చిత్రాల చరిత్ర – బనగానపల్లె బంగళా

భయానక చలనచిత్రముల పుట్టుపూర్వోత్తరాలను వివరించే డాక్యుమెంటరీలు పాశ్చాత్యదేశాలలో అనేకం వెలువడినవి. 2010లో బి.బి.సి. ప్రసారం చేసిన మార్క్ గాటిస్ మూడు భాగాల చిత్రం అందుకు చక్కని ఉదాహరణ. నాటి చిత్రాలలో పాల్గొన్న వృద్ధులను ఆయన స్వయంగా కలిసి, వారి నోటనే ఆ ముచ్చట్లు చెప్పించినారు.

తెలుగులో అట్టి ప్రయత్నమే జరిగితే కెమెరా మన బనగానపల్లెకు రాక తప్పదని మేము భావిస్తున్నాము. 2009లో విడుదలైన 'అరుంధతి' కథ గద్వాల సంస్థానంలో జరిగినట్లు చెప్పబడినను, తెరపై ప్రేక్షకులను గడగడలాడించిన ఆ పాడుబడిన మేడ బనగానపల్లె నవాబుల విడిది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనిది, 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. నాటినుండి దాని పేరే మారిపోయినది! యాగంటి యాత్రికులు 'అరుంధతి కోట ఎక్కడ?' అని అడుగుదురే గాని నవాబులను తలచువారు అరుదు. 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమైన ఆ సంస్థానం పేరును నేడు లోకానికి గుర్తుచేయునది మామిడిపండు ఒక్కటే కాబోలు.

కనుక ఇక్కడ తీయబోయే డాక్యుమెంటరీకి పని రెండింతలు. చిత్రీకరణ ముచ్చట్లతోపాటు, దయ్యాల కథ కప్పివేసిన కట్టడపు కథను కూడ అది వెలికితీయవలెను. దర్శకులు కోడి రామకృష్ణ 2019లోనే కన్నుమూసినారు. సంస్థానపు రోజులను పెద్దల నోట విన్నవారు ఊరిలో ఇంకను ఉందురు; వారి మాట సగం ఉర్దూ, సగం తెలుగు.