తెల్ల చారలపై గోధుమ రంగు: సెల్ఫ్ ట్యానర్ ఎంతవరకు పనిచేస్తుంది?

ప్రసవం తర్వాత పొట్ట మీద, ఎదిగే వయసులో తొడల మీద, జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు భుజాల దగ్గర కనిపించే చారలే స్ట్రెచ్ మార్క్స్. చర్మం లోపలి పొర డెర్మిస్‌లో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు సాగి దెబ్బతిన్నప్పుడు ఇవి ఏర్పడతాయి. మొదట ఎర్రగానో ఊదాగానో ఉండి, నెలలు గడిచేకొద్దీ తెల్లబడతాయి. జబ్బేమీ కాదు. అయినా చీర కట్టుకుంటే నడుము దగ్గర కనిపిస్తాయని ఇబ్బందిపడేవాళ్లు చాలామందే ఉంటారు.

ఎండ తగిలితే చారలు కలిసిపోతాయనుకుంటే పొరపాటు. తెల్లబడిన చారలో మెలనిన్ సరిగా తయారుకాదు. చుట్టూ ఉన్న చర్మం నల్లబడి, చార ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సెల్ఫ్ ట్యానర్‌కు మెలనిన్‌తో పనిలేదు. అందులో ఉండేది డైహైడ్రాక్సీ అసిటోన్ అనే మూడు కార్బన్ల చిన్న చక్కెర. అది చర్మం పైనున్న మృతకణాల పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగు పదార్థాలుగా మారుతుంది. పెనం మీద దోసె ఎర్రబడేది కూడా ఈ కోవకు చెందిన మెయిలార్డ్ చర్యతోనే. పెనం వేడికి నిమిషాల్లో అయ్యేది ఇక్కడ గంటలు తీసుకుంటుంది, అంతే. 1950లలో అమెరికాలోని సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ ఒక అరుదైన వ్యాధి ఉన్న పిల్లలకు ఈ చక్కెర ద్రావణం తాగిస్తుండగా, చర్మం మీద ఒలికిన చోట గోధుమ మచ్చలు పడటం గమనించారు. ఈ ఉత్పత్తుల కథ అక్కడే మొదలైంది.

అయితే ఒళ్లంతా సమంగా పూస్తే పెద్దగా లాభం లేదు. రంగు కళ్లద్దాలు పెట్టుకుని రెండు గోడలను చూస్తే రెండూ ముదురుగా కనిపిస్తాయి, తేడా మాత్రం అలాగే ఉంటుంది. ఇదీ అంతే. అందుకే దూది చుట్టిన పుల్లతో చార మీద మాత్రమే పలుచగా పూసి, అంచులు తుడిచి, ఆరేడు గంటలు ఆగి చూసి, చాలకపోతే మరో పూత వేయాలి. మన చామనఛాయకు ఒక్క పూత సాధారణంగా సరిపోదు. ఒకేసారి మందంగా పూస్తే నారింజ రంగు తేలుతుంది. మృతకణాలు రాలిపోతాయి కాబట్టి రంగు వారం లోపే పోతుంది.

ఎర్రగా ఉన్న కొత్త చారలను, చర్మం కన్నా నల్లగా ఉన్న చారలను ఇది దాచలేదు. గుంటలనూ పూడ్చదు, పక్క నుంచి వెలుతురు పడితే వాటి నీడ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ రంగు సన్‌స్క్రీన్‌కు బదులు కాదు. పూసిన మొదటి రోజు ఎండకు దూరంగా ఉండటం మంచిది. ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా పూసి దురద వస్తుందేమో చూడాలి. స్ప్రే అయితే కళ్లలోకి, నోట్లోకి, ముక్కులోకి పోకుండా జాగ్రత్తపడాలి.

చారలు ఎందుకు వచ్చాయన్నది రంగు కన్నా ముఖ్యం. గజ్జల్లో తామరకనో, ముఖం తెల్లబడాలనో మందుల షాపులో అడిగి కొనే క్రీముల్లో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటే, నెలల తరబడి వాడినచోట చర్మం పలచబడి చారలు పడతాయి. 2018లో కేంద్రం ఇలాంటి పూత మందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. ఆ క్రీము వాడుతూనే పైన ట్యానర్ పూస్తే పాత చార కప్పబడుతుంది, పక్కన కొత్తది పుడుతుంది. ట్యూబును చర్మవైద్యులకు చూపించి, దాన్ని ఎలా మానాలో అడగాలి.