చెప్పింది చెప్పినట్టు చేసే పాతకాపు

పెళ్లి వీడియోలు తీసే ఏ స్టూడియోకి వెళ్లినా బీరువా నిండా హార్డ్ డిస్కులే. స్నాతకం మొదలుకొని అప్పగింతల దాకా రెండు మూడు కెమెరాలతో తీసిన క్లిప్పులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని పెళ్లివారి ఫోన్లలో ఆడే సైజుకు తేవాలంటే ఒక్కో క్లిప్పును తెరవాలి, సైజు ఎంచుకోవాలి, పేరు పెట్టాలి, బటన్ నొక్కి అది పూర్తయ్యేదాకా కనిపెట్టుకుని ఉండాలి. అయ్యాక రెండోది. ఇంత విసుగుపుట్టే పని చేతికొచ్చినవాడు నిజానికి అదృష్టవంతుడు. షెల్ స్క్రిప్టింగ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. పుస్తకం ముందేసుకుని తెర మీద 'హలో' అని చూపించే పాఠంతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది మూడో అధ్యాయం దాటరు. రెండొందల క్లిప్పులు నెత్తిన ఉన్నవాడు తెల్లారేలోగా దారిలో పడతాడు.

నల్లతెర మీద మనం టైపు చేసిన కమాండును చదివి, ఆ పేరున్న ప్రోగ్రామును లేపి, దాని పని ముగిశాక మళ్లీ మన మాట కోసం కాచుకునే ప్రోగ్రామే షెల్. అవే కమాండ్లను ఒక ఫైల్లో వరసగా రాసిపెడితే అది స్క్రిప్టు. అంతే సంగతి. కానీ దీని వయసు ఆరు పదులు. అప్పుడెప్పుడో పెద్దలు తీసుకున్న నిర్ణయాలు ఇవాళ్టి పెళ్లి క్లిప్పుల మీద కూడా పెత్తనం చేస్తున్నాయి. కొత్తవాళ్లు తిట్టుకునే చిక్కుల్లో చాలావాటికి ఒక పుట్టిన సంవత్సరం ఉంది.

కథ అమెరికాలోని ఎంఐటీలో మొదలవుతుంది. 1960ల మొదట్లో ఫెర్నాండో కోర్బాటో బృందం అక్కడ సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను నడిపేది. ఒకే ఐబీఎం 7094 యంత్రాన్ని చాలామంది, ఎవరి టెర్మినల్ ముందు వాళ్లు కూర్చుని, ఒకేసారి వాడుకోవడం అప్పటికి వింత. ఫ్రాన్స్ నుంచి వచ్చిన లూయీ పూజాన్ ఆ వ్యవస్థకు డజన్ల కొద్దీ కమాండ్లు రాశాడు. రాయగా రాయగా, ఉన్న కమాండ్లతోనే కొత్త కమాండ్లు కట్టుకునే వీలుండాలని ఆయనకు తోచింది. అలా పుట్టింది రన్‌కామ్. ఫైల్లో ఉన్న కమాండ్లను ఒకదాని వెంట ఒకటి నడుపుతుంది, ఖాళీ వదిలిన చోట మనమిచ్చిన పేరును పెట్టుకుంటుంది. షెల్ అనే పేరు పెట్టిందీ పూజానే. ఆయన స్వదేశానికి వెళ్లిపోతూ ఆ ఆలోచనను కాగితం మీద పెట్టి ఇచ్చి వెళ్లాడు. దాన్ని పట్టుకుని మల్టిక్స్ అనే తర్వాతి వ్యవస్థకు షెల్ రాసినవారిలో గ్లెండా ష్రోడర్ ఒకరు. (పూజాన్ 1970లలో ఫ్రాన్స్‌లో కట్టిన సిక్లాడ్ నెట్‌వర్కు ఇంటర్నెట్‌కు దారి చూపినవాటిలో ఒకటి. అది మరో వ్యాసానికి సరిపడే కథ.)

మల్టిక్స్ నుంచి 1969లో బయటికొచ్చేసిన బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను కట్టుకున్నారు. 1971 నాటి థాంప్సన్ షెల్ బక్కపలచనిది. అందులో షరతులు లేవు, గెంతులు లేవు. *ను చూసి ఫైళ్ల పేర్లు వెతికే పని కూడా బయట గ్లాబ్ అనే వేరే ప్రోగ్రాము చేసిపెట్టేది. ఇఫ్, గోటూ కూడా బయటి ప్రోగ్రాములే. గోటూ సంగతి తెలిస్తే నవ్వొస్తుంది. షెల్ తన స్క్రిప్టును చదువుకుంటూ పోతూ గోటూను లేపుతుంది. షెల్ ఏ ఫైలును ఎక్కడిదాకా చదివిందో ఆ గుర్తు పిల్ల ప్రోగ్రాముకూ ఉమ్మడే. గోటూ ఆ ఫైలును మొదటికి తిప్పి, కావలసిన లేబుల్ దొరికేదాకా చదివి, అక్కడ వదిలేసి చచ్చిపోతుంది. షెల్ లేచి చూస్తే తాను చదవాల్సిన చోటు మారిపోయి ఉంటుంది. ఏమీ ఎరగనట్టు అక్కడి నుంచి చదువుకుపోతుంది! ఈ ఉమ్మడి ఆస్తి వ్యవహారం గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఒక ప్రోగ్రాము నుంచి వచ్చినదాన్ని తోటకు నీళ్లు పట్టే గొట్టాల్లా నేరుగా రెండోదానికి తగిలించాలని బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసే డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. చాన్నాళ్లు వెంటపడ్డాక 1973లో థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. మనం | గుర్తుతో వాడే పైపు అదే.

షెల్‌కు అసలైన భాష వచ్చింది 1979లో, యూనిక్స్ ఏడో వెర్షన్‌తో. రాసినవాడు స్టీఫెన్ బోర్న్. ఆయనకు ఆల్గాల్ 68 భాషంటే ప్రీతి. అందుకే ఇఫ్‌తో తెరిచినదాన్ని తిరగేసి ఫి అని మూస్తాం, కేస్‌ను ఈసాక్ అని మూస్తాం. ఆ లెక్కన డూను ఓడీ అని మూయాలి. కానీ ఫైల్లోని బైట్లను అంకెల్లో చూపించే ఓడీ అనే కమాండు అప్పటికే యూనిక్స్‌లో ఉంది. అందుకని డన్ అయింది. దీనికి తర్కం వెతుక్కుని తల పట్టుకునేవాళ్లకు జవాబు ఇంతే, ఇంకేం లేదు.

ఆ తర్వాతిది చకచకా చెప్పుకోవచ్చు. బోర్న్ షెల్ బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ సొత్తు. ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే షెల్ కావాలని రిచర్డ్ స్టాల్‌మన్ సంస్థ తరఫున బ్రయాన్ ఫాక్స్ రాసిన బ్యాష్ 1989లో వచ్చింది. కొన్నేళ్లకే దాని బాధ్యత చెట్ రేమీ చేతికి వెళ్లింది, ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లైనక్స్ గురించి లోకానికి చెప్పిన తొలి ప్రకటనలోనే బ్యాష్‌ను దాని మీద ఆడించానని రాసుకున్నాడు. 2016 నుంచి విండోస్‌లోనూ దొరుకుతోంది. మ్యాక్ 2019లో జీషెల్ అనే మరో షెల్‌కు మారింది. అయినా స్క్రిప్టు రాసే తీరు దాదాపు అదే.

ఇక వీడియో సంగతి. 1920×1080 చుక్కల బొమ్మలో ఒక్కో చుక్కకు మూడు రంగుల కోసం మూడు బైట్లు వేసుకున్నా, ఒక్క ఫ్రేము 62 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున గంట ముహూర్తం 560 గిగాబైట్లు! కెమెరాలు ఎలాగూ దీన్ని కుదించే ఇస్తాయి. ఇంకా కుదించి సెకనుకు 5 మెగాబిట్లకు తెస్తే అదే గంట రెండుంబావు గిగాబైట్లలో ఇముడుతుంది. పంతులుగారి చెయ్యి కదులుతుంది కానీ మండపం వెనక పూలతెర కదలదు కదా. పక్క ఫ్రేముతో పోలిస్తే మారినదాన్ని మాత్రమే రాసుకోవడంలో ఉంది కిటుకంతా. 2003లో ఖరారైన హెచ్.264 ప్రమాణం ఈ విద్యలో ఆరితేరింది. ఎక్స్264 ఆ ప్రమాణంలో కుదించే ఉచిత ప్రోగ్రాము. ఇలాంటివాటన్నిటినీ ఒకే కమాండు వెనక చేర్చిన ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను ఫాబ్రీస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టాడు. మనం చూసే వీఎల్‌సీ ప్లేయర్ లోపల పనిచేసేదీ ఈ ప్రాజెక్టు కోడే. దీనికి బటన్లు, కిటికీలు లేవు, కమాండ్లే. షెల్‌కు సరిజోడు.

స్క్రిప్టు గుండెకాయ ఒక ఫర్ లూపు. పేరు చివర ఎంఓవీ ఉన్న ప్రతి ఫైలును ఎఫ్ అనే పేరుతో ఒక్కొక్కటిగా తీసుకో, డూ నుంచి డన్ దాకా ఉన్న పని చెయ్యి అని దానికి చెబుతాం. మధ్యలో ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండు, దానికి సీఆర్ఎఫ్ అనే నాణ్యత అంకె. సున్నా నుంచి 51 దాకా ఉండే ఈ అంకె చెప్పకపోతే 23 అనుకుంటుంది. పెంచితే ఫైలు చిక్కుతుంది, బొమ్మ మసకబారుతుంది. ఆరు పెంచితే సైజు సుమారు సగమవుతుంది. కొత్త ఫైలుకు పేరు పెట్టేటప్పుడు పాత తోకను కత్తిరించాలి. దానికి కార్న్ షెల్ అనే మరో పాత షెల్ నుంచి వచ్చిన % గుర్తు ఉంది.

మొదటి రాత్రే ఎదురయ్యేది ఖాళీల గొడవ. 'తలంబ్రాలు కెమెరా 2' అని పేరున్న ఫైలును షెల్ మూడు ఫైళ్లుగా ముక్కలు చేసి, ఒక్కటీ దొరకలేదంటుంది. 1979లో యూనిక్స్ ఫైలు పేరు 14 అక్షరాలు దాటేది కాదు. అందులో ఖాళీ పెట్టే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఆ రోజుల షెల్ ఖాళీ కనబడితే చాలు మాట తెగిందనుకుంది, బ్యాష్ ఆ వారసత్వాన్ని మోస్తోంది. జీషెల్ మానుకుంది, మంచి పని చేసింది. బ్యాష్‌లో మాత్రం $ఎఫ్‌ను ఎప్పుడూ జంట కోట్ల మధ్య రాయాల్సిందే.

రెండోది ఇంకా తమాషా. ఫైళ్ల పేర్లు ఒక జాబితాలో ఉంటే ఫర్ బదులు వైల్ రీడ్ వాడి ఒక్కో లైనూ చదివిస్తాం. మొదటి క్లిప్పు చక్కగా మారుతుంది. రెండోసారి పేరు తల తెగిపోయి 'తలంబ్రాలు' కాస్తా 'బ్రాలు' అవుతుంది, అలాంటి ఫైలు లేదంటుంది. అక్షరాలు ఎవరు మింగారు? ఎఫ్ఎఫ్ఎంపెగ్గే. మధ్యలో మీట నొక్కి ఆపేవాళ్ల కోసం అది కీబోర్డు వైపు చెవొగ్గి ఉంటుంది. ఈ లూపులో కీబోర్డు స్థానంలో ఉన్నది మన జాబితా. పిల్ల ప్రోగ్రాముకు షెల్ చదివే చోటు ఉమ్మడి కదా! 1971లో గోటూ బతికింది ఏ ఏర్పాటు మీదో, ఇప్పుడు మన జాబితా చిల్లుపడింది ఆ ఏర్పాటు వల్లే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు నోఎస్‌టీడిన్ అనే ఆప్షను ఇస్తే చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

మూడోది మన కరెంటు. సగం రాత్రి పోతే సగం ఫైలు మిగులుతుంది. మామూలుగా ఎంపీ4లో ఏది ఎక్కడుందో చెప్పే సూచిక ఆఖరున రాస్తారు కాబట్టి ఆ సగం ఫైలు ఆడదు. కానీ పేరు మాత్రం పూర్తయినదానిలాగే ఉంటుంది. స్క్రిప్టును మళ్లీ నడిపితే, ఉన్నదాన్ని చెరిపి రాయనా అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అడుగుతుంది. జవాబిచ్చేవాడు నిద్రలో ఉంటాడు. అందుకే బయటికొచ్చే ఫైలు ఇప్పటికే ఉందేమో ఇఫ్‌తో ముందు చూడాలి. లేకపోతే తాత్కాలిక పేరుతో మొదలుపెట్టాలి, ఆ పేరుతో పాత ముక్క ఏదైనా ఉంటే అడక్కుండా చెరిపెయ్యమని -వై అని చెప్పాలి. పని సవ్యంగా ముగిస్తే ఏ ప్రోగ్రామైనా షెల్‌కు సున్నా అప్పజెబుతుంది, చెడితే మరో అంకె. && అని రాసి పక్కన పేరు మార్చే ఎంవీ పెడితే, సున్నా వచ్చినప్పుడు మాత్రమే అసలు పేరు దక్కుతుంది. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా ఆగిన క్లిప్పు నుంచే మొదలవుతుంది. నా దృష్టిలో షెల్ వచ్చిందని చెప్పుకోదగ్గది ఇది అర్థమైన రోజునే.

నాలుగు క్లిప్పుల్ని ఒకేసారి నడిపితే నాలుగు రెట్లు వేగం వస్తుందనుకోకండి. ఎక్స్264 ఒక్కటే ప్రాసెసర్‌లోని కోర్లన్నిటినీ వాడేస్తుంది.

షెల్ గొప్పదని దండ వెయ్యనక్కర్లేదు. 2014లో బయటపడ్డ షెల్‌షాక్ అనే భద్రతా లోపం బ్యాష్‌లో పాతికేళ్లపాటు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. లెక్కలు, పట్టికలు మొదలయ్యాక షెల్‌తో కుస్తీ పట్టడం దండగ, పైథాన్‌కు మారిపోవాలి. నా కొలబద్ద అయితే ఒక పేజీ. స్క్రిప్టు అంతకు మించితే భాష మార్చే వేళయిందన్నమాట. ప్రోగ్రాముల్ని వరసగా లేపి, అందినదాన్ని అందించే పనికి మాత్రం దీన్ని మించింది రాలేదు.

మీరూ రాయబోతుంటే మొదట ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఎంవీ రెండింటి ముందరా ఎకో అని పెట్టి నడపండి. ఏం చేయబోతోందో చేయకుండా చూపిస్తుంది. తర్వాత రెండు మూడు చిన్న క్లిప్పుల్ని వేరే ఫోల్డర్లోకి తీసుకుని వాటి మీద ఆడించండి. ఒరిజినళ్లను తుడిచే లైను మాత్రం స్క్రిప్టులో రాయకండి. కొత్త ఫైళ్లను ఆడించి చూసుకున్నాక ఆ పని చేత్తోనే చెయ్యండి.