పులికాట్ ఒడ్డు బావుల్లో సల్ఫేటు ఎక్కడిది?

తీరప్రాంతపు బావినీటి పరీక్షలో సల్ఫేటు ఎక్కువగా కనిపించగానే సముద్రం లోపలికి వచ్చిందని తేల్చేయడం పరిపాటి. శ్రీహరికోట దీవి బంగాళాఖాతం నుండి వేరుచేసిన పులికాట్ సరస్సు చుట్టూ ఆ తీర్పు తొందరపాటే అవుతుంది.

భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో సల్ఫేటు లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరే నీరు దొరకనిచోట 400 వరకు అనుమతి. వెయ్యి దాటితే భేది ఉప్పు తీసుకున్నట్టే విరేచనాలవుతాయి. స్థానికులు అలవాటుపడతారు. సెలవులకు వెళ్ళిన మన పిల్లలకు ఆ అలవాటు ఉండదు. కాచినంత మాత్రాన సల్ఫేటు పోదు.

కిలో సముద్రజలంలో క్లోరైడు సుమారు 19.4 గ్రాములు, సల్ఫేటు 2.7 గ్రాములు, అంటే నూటికి పద్నాలుగు పాళ్ళు. సముద్రజలం మంచినీటితో కలిసి ఎంత పలచబడినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. కనుక అంతకంటే ఎక్కువ కనిపిస్తే అదనపు సల్ఫేటుకు మరో మూలం ఉండాలి. వేరుశనగ చేలలో చల్లే జిప్సం కూడా ఒక మూలమే, కాని ప్రధానంగా చూడవలసింది నేల పొరలను.

సముద్రజలం నాలుగోవంతుకు ఇగిరితే జిప్సం పేరుకుంటుంది. మామూలు ఉప్పు గడ్డకట్టాలంటే దాదాపు పదోవంతుకు ఇగరాలి. పైగా వానకు ఉప్పు ముందే కొట్టుకుపోతుంది, జిప్సం మట్టిలో మిగులుతుంది. తరువాత అది నెమ్మదిగా కరిగితే, ఉప్పదనం అంతగా లేని నీటిలోనూ సల్ఫేటు లీటరుకు 1400 మిల్లీగ్రాముల దాకా చేరగలదు.

రెండవ మూలం పైరైటు. గాలి చొరని బురదలో సూక్ష్మజీవులు సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్ళిన గుడ్ల వాసన దానిదే. అది ఇనుముతో కలిసి పైరైటవుతుంది. అప్పుడు నీటిలో నిష్పత్తి పద్నాలుగుకన్నా తగ్గుతుంది. అదే బురదను రొయ్యల చెరువుల కోసం తవ్వి ఆరబెడితే, పైరైటుకు ప్రాణవాయువు తగిలి గంధకికామ్లం పుడుతుంది. సల్ఫేటు తిరిగి నీటిలోకి వస్తుంది, వెంట అల్యూమినియం వంటి లోహాలనూ తెస్తుంది.

చిక్కల్లా పులికాట్ అడుగున ఉన్న గవ్వల పొరలతోనే. గవ్వల్లోని సున్నం ఆ ఆమ్లాన్ని విరిచి, కాల్షియం సల్ఫేటునే మిగులుస్తుంది. నీరు పుల్లబడకపోవడంతో అది జిప్సం కరిగిన నీటిలాగే కనిపిస్తుంది. ఇక్కడ గంధకపు ఐసోటోపులే సాక్ష్యం: నేటి సముద్రపు సల్ఫేటులో భార గంధకం ప్రామాణికం కంటే వెయ్యికి సుమారు 21 పాళ్ళు ఎక్కువ. సముద్రజలం ఇగిరి ఏర్పడిన జిప్సంలోనూ దాదాపు అంతే. పైరైటు నుండి వచ్చినదానిలో సాధారణంగా చాలా తక్కువ.

మూలాన్ని బట్టి చికిత్స మారుతుంది. సముద్రజలమైతే బోర్ల తోడకం తగ్గించాలి. జిప్సమైతే మరో పొరలో నీరు వెదకాలి. పైరైటయితే ఆ బురదను తవ్వకుండా తడిగానే ఉంచాలి.